కిరాణా కొట్టుకు బిల్లింగ్ వ్యవస్థ: కొనేముందు మీ సరుకుల పట్టిక చూసుకోండి

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. స్నానపు సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కు, నెయ్యి, వెన్న 12 నుంచి 5కు దిగాయి. ప్యాకెట్ పనీరుకు పన్నే తీసేశారు. బట్టలుతికే పొడి మాత్రం 18లోనే ఉండిపోయింది. అంటే ఒకే అరలో పక్కపక్కన ఉన్న వస్తువుల్లో కొన్నింటి పన్ను మారింది, కొన్నింటిది మారలేదు.

కంప్యూటర్‌తో బిల్లు కొట్టే ప్రతి కిరాణా కొట్టుకూ అది పరీక్షే. సరుకులను పన్ను వర్గాల వారీగా పెట్టుకున్నవారికి నాలుగైదు చోట్ల అంకె మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. ప్రతి వస్తువుకూ రేటును విడివిడిగా నమోదు చేసుకున్నవారు మాత్రం వేల వరుసలు తిరగేయాలి. ఇద్దరి దగ్గరా ఒకే స్కానర్, ఒకే ప్రింటర్ ఉండవచ్చు. తేడా అంతా లోపలి పట్టికలోనే.

చిన్న వ్యాపారికి పీఓఎస్ (కౌంటర్ దగ్గర బిల్లు, చెల్లింపు చూసుకునే వ్యవస్థ) గురించి చెప్పేవారు ఎక్కువగా తెర ఎంత పెద్దది, స్కానర్ ఎంత వేగంగా చదువుతుంది అన్నవే చూపిస్తారు. నేను వాటికి రెండో స్థానమే ఇస్తాను. విడి సరుకు, మారే ఎమ్మార్పీలు, అరువు ఖాతాలు, సాయంత్రం గల్లా లెక్క: ఈ నాలుగింటినీ మీ కొట్టు నడిచే తీరులోనే మోయగలిగితే అది మంచి వ్యవస్థ. మోయలేకపోతే ఎంత ఖరీదైనా అది రసీదులు ముద్రించే పెట్టె మాత్రమే.

ఒక చిక్కు ముందే విప్పుకోవాలి. బ్యాంకు ఇచ్చే కార్డు స్వైపింగ్ మిషన్ వేరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేరు, నిల్వ లెక్క వేరు. ఇప్పుడు మూడింటినీ కలిపి ఒకే పరికరంగా అమ్ముతున్నారు కాబట్టి ఒకటే అనిపిస్తుంది. మొదటిది డబ్బు తీసుకుంటుంది. రెండోది ఏం అమ్మారో రాస్తుంది. మూడోది కొట్టులో ఏం మిగిలిందో చెబుతుంది. ఏది మీకు అవసరమో తెలిస్తే ఎంత ఖర్చు పెట్టాలో కూడా తెలుస్తుంది.

పన్ను లెక్కలో మీరు ఎక్కడున్నారు

సరుకులు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. 2019 ఏప్రిల్ నుంచి పరిమితిని పెంచినప్పుడు తెలంగాణ పాత పరిమితినే ఉంచుకుంది. అందువల్ల అశ్వారావుపేటలో కొట్టుకు ఒక లెక్క, సరిహద్దు దాటి జంగారెడ్డిగూడెంలో కొట్టుకు ఇంకో లెక్క. సేవలు అందించేవారికి రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే.

ఈ టర్నోవర్‌లో పన్ను లేని సరుకుల అమ్మకం కూడా కలుస్తుందని చాలామంది గమనించరు. విడి బియ్యం, పాలు, కూరగాయలు అమ్మగా వచ్చినదీ అందులోకే వస్తుంది. పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ కిరాణా కొట్టులో బియ్యం పక్కనే బిస్కెట్లూ ఉంటాయి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు కలకలం రేగింది అందుకే. బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం మాత్రమే శాఖకు కనిపిస్తుంది. అందులో పాలు ఎంత, బిస్కెట్లు ఎంత, బంధువు తిరిగి ఇచ్చిన చేబదులు ఎంత అన్నది వ్యాపారే చూపించాలి. ఏ వస్తువు ఎంత అమ్మారో రోజువారీ లెక్క ఉన్నవారికి ఆ జవాబు సిద్ధంగా ఉంటుంది. పన్ను పరిధిలోకి రాని చిన్న కొట్టుకు కూడా బిల్లింగ్ కావాలని నేను గట్టిగా చెప్పేది ఈ కారణంతోనే.

కాంపోజిషన్ పథకంలో ఉంటే కథ మారుతుంది. ఏడాదికి కోటిన్నర వరకు టర్నోవర్ ఉన్న వ్యాపారి అందులో చేరవచ్చు. సరుకు అమ్మేవారు 1 శాతం, హోటళ్లవారు 5 శాతం తమ జేబులోంచి కడతారు, కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఇచ్చే కాగితం కూడా పన్ను ఇన్వాయిస్ కాదు, ‘బిల్ ఆఫ్ సప్లై’. తాను కాంపోజిషన్ వ్యాపారినని, పన్ను వసూలు చేసే అర్హత లేదని దాని మీద రాసి ఉండాలి. సాఫ్ట్‌వేర్‌ను బిగించి వెళ్ళేవారు ఈ సంగతి అడగకుండా మామూలు ఇన్వాయిస్ నమూనా పెట్టేస్తే, ప్రతి బిల్లు మీదా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం, రాష్ట్రం వాటాలు) వరుసలు పడుతూనే ఉంటాయి. పన్ను పేరుతో వసూలు చేసినది ప్రభుత్వానికి కట్టి తీరాల్సిందే.

మిగతా నియమాలు చిన్నవి. ఇన్వాయిస్ సంఖ్య 16 అక్షరాలు మించకూడదు, వరుస తప్పకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే సంఖ్య రెండుసార్లు రాకూడదు. ఆహార పదార్థాలు అమ్మేవారి బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉండాలి. 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు అడగకపోతే 200 రూపాయల లోపు అమ్మకానికి విడి బిల్లు ఇవ్వకుండా రోజు చివర అన్నింటికీ ఒకే బిల్లు రాసుకోవచ్చు. ఈ వెసులుబాటు వాడుకోవద్దనే చెబుతాను. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టును బిల్లు చేయకపోతే పన్నుకు నష్టం లేదు గానీ, నిల్వ లెక్క అక్కడి నుంచే తప్పడం మొదలవుతుంది.

సరుకుల పట్టిక

కొత్త వ్యవస్థ పెట్టుకోవడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. యంత్రాన్ని ఒక పూటలో బిగించవచ్చు. పట్టిక తయారుచేయడానికి వారాలు పడుతుంది. ఆ పనిని అమ్మేవాడికి వదిలేయవద్దు. అతనికి మీ అరలు తెలియవు.

మన కొట్లలో తప్పని ఒక సమస్య ఎమ్మార్పీ. తలనూనె సీసా ధర మారుతుంది, బార్‌కోడ్ మారకపోవచ్చు. అరలో పాత ధర సీసాలు ఆరు, కొత్త ధర సీసాలు పన్నెండు ఉంటాయి. ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవడం చట్ట విరుద్ధం. స్కాన్ చేయగానే ‘ఏ ఎమ్మార్పీ?’ అని రెండు ధరలూ చూపించి ఎంచుకోమనే వ్యవస్థ కావాలి. వస్తువుకు ఒకే ధర అన్న ఆలోచనతో తయారైన విదేశీ సాఫ్ట్‌వేర్లు మన కొట్లలో తడబడేది ఇక్కడే. సెప్టెంబరు మార్పును మళ్ళీ చూడండి. 100 రూపాయల ఎమ్మార్పీలో 18 శాతం పన్ను ఉన్నప్పుడు సరుకు విలువ 84.75, పన్ను 15.25. అదే విలువ మీద 5 శాతం వేస్తే కొత్త ధర 88.98 అవుతుంది. పాత ముద్ర ఉన్న ప్యాకెట్టును కొత్త ధరకు అమ్మాల్సిన రోజులు అవి. ఒక బార్‌కోడ్ కింద రెండు ధరలు పెట్టలేని వ్యవస్థలో ప్రతి బిల్లుకూ చేత్తో తగ్గింపు వేయడమే దారి.

రెండో చిక్కు విడి సరుకు. పన్ను కూడా దీనితోనే ముడిపడి ఉంది. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను, విడిగా తూచి ఇస్తే పన్ను లేదు. మన ఊళ్ళలో 26 కిలోల బియ్యం బస్తాలు విరివిగా కనిపించడం ఆ తర్వాతే. కాబట్టి పట్టికలో కందిపప్పు ఒక్క వరుసలో ఇమడదు. బస్తాలోంచి తూచి ఇచ్చే కందిపప్పు ఒకటి, కంపెనీ కిలో ప్యాకెట్టు మరొకటి. రెండింటికీ పన్ను వేరు, కొనుగోలు ధర వేరు.

కొన్నది 50 కిలోల బస్తా, అమ్మేది కిలో, అరకిలో, పావుకిలో. కొనుగోలు కొలత, అమ్మకపు కొలత వేరువేరుగా పెట్టుకోగలగాలి. తూకంలో, రాలడంలో, శుభ్రం చేయడంలో కొంత తరుగు పోతుంది. దాన్ని తరుగుగానే రాసే వీలు లేకపోతే నిల్వ లెక్క నెల తిరిగేసరికి నమ్మకం కోల్పోతుంది, యజమాని దాన్ని చూడటమే మానేస్తాడు.

కాటాను బిల్లింగ్‌కు కలిపితే విడి సరుకు పని చాలా తేలికవుతుంది. స్టిక్కర్ ముద్రించే కాటా ఇచ్చే బార్‌కోడ్‌ను ఒకసారి పరిశీలించండి. 2100145007501 అనుకుందాం. మొదటి రెండంకెలు, 21, ఇది కొట్టు సొంతంగా వాడుకునే కోడ్ అని చెబుతాయి. 20 నుంచి 29 వరకు దుకాణాల సొంత వాడకానికే కేటాయించారు. భారతీయ కంపెనీల ప్యాకెట్ల మీద మామూలుగా 890తో మొదలవుతుంది. తర్వాతి అయిదంకెలు, 00145, మీ పట్టికలో ఆ సరుకు సంఖ్య. ఆ తర్వాతివి, 00750, తూకం గ్రాముల్లో. చివరి 1 ముందున్న పన్నెండు అంకెల నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకె. స్కానర్ ఏ అంకెనైనా తప్పుగా చదివితే అది పొసగదు. ఈ అమరిక కొట్టు తన అవసరాన్ని బట్టి నిర్ణయించుకునేది. కాటా రాసిన తీరునే సాఫ్ట్‌వేర్ చదవాలి, లేకపోతే 750 గ్రాములు 750 రూపాయలుగా బిల్లులో పడతాయి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలన్నది మరచిపోవద్దు.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రద్దీ వేళ దాని విలువ తెలుస్తుంది. ఒకరు పల్లీలు అడుగుతారు, ఒకరు వేరుశనగ గుళ్ళు అంటారు. పుట్నాలు ఒకరివి, గుల్లశనగపప్పు మరొకరిది. ఒకే వరుసకు రెండు మూడు పేర్లు జతచేయగలిగితే బిల్లు కొట్టే పిల్లవాడు ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. అది కుదరకపోతే ఒకే సరుకు రెండు పేర్లతో రెండుసార్లు పట్టికలో చేరుతుంది, నిల్వ రెండుగా చీలిపోతుంది.

తెలుగు బిల్లు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వేడితో అచ్చువేసే థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. తెలుగు కావాలంటే సాఫ్ట్‌వేర్ ఆ వరుసను బొమ్మగా గీసి పంపాలి. అందుకే తెలుగు బిల్లు కాస్త నెమ్మదిగా వస్తుంది, కొన్నిచోట్ల ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. కొనేముందు ‘మినప్పప్పు’, ‘జీలకర్ర’, ‘బెల్లం అచ్చులు’ అని మీ కళ్ళముందే ముద్రించి చూపించమనండి. రెండంగుళాల కాగితంలో వరుసకు 32 ఇంగ్లీషు అక్షరాలు, మూడంగుళాలదాంట్లో 48 పడతాయి. పేరు, ఎమ్మార్పీ, మీ ధర, తూకం, మొత్తం అన్నీ చదవగలిగేలా రావాలంటే మూడంగుళాలదే మేలు. సరుకు పేరు తన భాషలో చదువుకోగలిగిన పెద్దావిడకు బిల్లు మీద నమ్మకం కుదురుతుంది. ఆ కొద్ది అదనపు ఖర్చు దండగ కాదు.

గల్లా, యూపీఐ, అరువు

యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి రుసుము లేదు. క్రెడిట్ కార్డు మీద ఉంటుంది. బ్యాంకును బట్టి మారినా 2 శాతం దరిదాపుల్లో అనుకోవచ్చు. 1,500 రూపాయల బియ్యం బస్తా మీద అది 30 రూపాయలు. బియ్యం మీద మిగిలేది ఎంతో మీకు తెలుసు కాబట్టి కార్డు మిషన్ తీసుకునేముందు నెల అద్దె, రుసుము రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌లో మొత్తాన్ని కొనేవారే టైపు చేస్తారు. బిల్లింగ్ తెర మీద ప్రతి బిల్లుకూ కొత్తగా వచ్చే కోడ్‌లో మొత్తం ముందే ఉంటుంది, డబ్బు అందగానే ఆ బిల్లు చెల్లినట్టు తానే నమోదవుతుంది. రద్దీ ఉన్న కొట్టుకు రెండోది బాగా పనికివస్తుంది. ఎందుకో తెలియాలంటే ఒక సాయంత్రం లెక్క చూడాలి.

ఇలా అనుకుందాం. పొద్దున గల్లాలో చిల్లర 2,000. రోజంతా అమ్మకం 18,400. అందులో బిల్లుల ప్రకారం నగదు 7,250, యూపీఐ 9,650, అరువు 1,500. పాత బాకీ కింద ఒకరు 800 నగదు ఇచ్చారు. పాలవాడికి గల్లాలోంచి 640 ఇచ్చారు. అంటే గల్లాలో 9,410 ఉండాలి. లెక్కపెడితే 9,290 ఉంది. 120 తక్కువ. సహజంగా అనుమానం కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడి మీదకు పోతుంది. కానీ యూపీఐ ఖాతా తెరిచి చూస్తే 9,770 పడి ఉంది, 120 ఎక్కువ. ఎవరో యూపీఐలో కట్టిన 120 రూపాయల బిల్లును నగదు అని నొక్కారు, అంతే. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించే రోజు చివరి నివేదిక ఉంటే ఒక అమాయకుడు మాట పడకుండా బయటపడతాడు. ఈ నివేదిక లేని వ్యవస్థను, ఉచితంగా ఇచ్చినా సరే, తీసుకోవద్దంటాను.

పాత బాకీ వసూలును అమ్మకంలో కలపకుండా, పాలవాడికిచ్చినదాన్ని ఖర్చుగా రాసేలా విడి మీటలు ఉండాలని పై లెక్కే చెబుతోంది.

అరువు మన కిరాణాకు ప్రాణం. నెలజీతం వారు ఒకటో తారీఖున, రైతు పంట అమ్మాక, కూలి పనివారు వారానికోసారి కడతారు. చాలా కొట్లలో నగదుకు బిల్లు కంప్యూటర్‌లో, అరువుకు పద్దు పుస్తకంలో అని రెండు లెక్కలు నడుస్తుంటాయి. దానివల్ల అరువు పోయిన సరుకు నిల్వలోంచి తగ్గదు, యంత్రం చెప్పే నిల్వ అబద్ధమవుతుంది. అరువునూ బిల్లు చేయాలి, బిల్లు చివర పాత బాకీ, ఈరోజుది, మొత్తం ముద్రించాలి. పుస్తకం అలవాటైన పెద్దలు ఉంటే కొన్నాళ్ళు రెండూ నడపండి, తగువు లేకుండా సర్దుకుంటుంది. ఒక్క విషయం మాత్రం చూసుకోండి: కొనేవారి వైపు తిప్పి ఉండే చిన్న తెర మీద బాకీ మొత్తం కనిపించకూడదు. వెనక నిలబడ్డ ఇరుగుపొరుగు ముందు అది ఎవరికైనా తలవంపే.

ఫోన్ నంబరు కూడా అంతే. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో చిల్లర వ్యాపారులకు సూచించింది. అరువు ఖాతా ఉన్నవారి నంబరు అవసరమే, మిగతావారిది వారి ఇష్టం.

ఎవరు ఏం చేయగలరు, లెక్క ఎక్కడ ఉంటుంది

1879లో అమెరికాలోని డేటన్ నగరంలో జేమ్స్ రిటీ అనే మద్యం దుకాణదారు తొలి క్యాష్ రిజిస్టర్ తయారుచేసింది పనివాళ్ళు డబ్బు తీస్తున్నారన్న బాధతోనే. ఇప్పటికీ ఆ అవసరం ఉంది. అయితే కాపలా అంటే అనుమానం కానక్కర్లేదు. ఒక్కొక్కరికీ సొంత పిన్ ఇవ్వండి. బిల్లు కొట్టడం అందరూ చేయవచ్చు. బిల్లు రద్దు, ధర మార్పు, పెద్ద తగ్గింపు యజమాని పిన్‌తోనే జరగాలి. రద్దయిన బిల్లు మాయం కాకుండా ఎవరు, ఎప్పుడు రద్దు చేశారో జాబితాలో నిలవాలి. బిల్లును ఆనవాలు లేకుండా చెరిపేయగల సాఫ్ట్‌వేర్‌ను కొందరు సౌకర్యంగా అమ్ముతారు. అది మీ పనివాడికీ సౌకర్యమే, తనిఖీలో మీకు ఆపదే.

లెక్క మీ కంప్యూటర్‌లోనే ఉంచే సాఫ్ట్‌వేర్లు, ఇంటర్నెట్‌లో ఉంచేవి అని రెండు దారులు. మొదటిదాంట్లో డిస్కు పాడైతే సర్వం పోతుంది, కాబట్టి రోజూ నకలు తీసి ఇంట్లో పెట్టుకోవాలి. రెండోదాంట్లో నెట్ పోయినా బిల్లు ఆగకూడదు, తిరిగి రాగానే తానే కలుపుకోవాలి. అమ్మేవాడి ముందే వైఫై ఆపి పది బిల్లులు కొట్టి చూడండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌తో పాటు ప్రింటర్, రౌటర్ కూడా యూపీఎస్ మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రింటర్‌ను మరచిపోవడం మామూలే.

సాఫ్ట్‌వేర్ పేర్లు అడిగేవారికి నా జవాబు క్లుప్తం. మందుల షాపుల్లో మార్గ్, హోటళ్లలో పెట్‌పూజా, సూపర్‌మార్కెట్లలో గోఫ్రూగల్, చిన్న కొట్లలో వ్యాపార్ ఎక్కువగా వాడకంలో ఉన్నాయి. మీ ఆడిటరు టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంటే బిల్లింగ్ లెక్క అందులోకి తేలిగ్గా వెళ్ళాలి. మీ ఊళ్ళో, మీలాంటి సరుకే అమ్మే కొట్టులో ఏది రెండేళ్లుగా నడుస్తోందో వెళ్ళి చూడటం ప్రకటనలు చదవడం కన్నా మేలు. పండగ ముందు రాత్రి ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పే మనిషి ఉన్నాడా అన్నది కూడా ధరలో భాగమే.

నిర్ణయానికి ముందు మీ కొట్టులో తలనొప్పి సరుకులు ముప్పయి ఏరి కాగితం మీద రాయండి: రెండు ఎమ్మార్పీల సీసా, బస్తా పప్పు, ఒకటి కొంటే ఒకటి ఉచితం ప్యాకెట్టు, బార్‌కోడ్ లేని ఊరి పచ్చడి, డజను లెక్కన అమ్మే అరటిపళ్ళు. వాటిని ఎక్కించి, బిల్లు కొట్టి, ఒకటి వాపసు తీసుకుని, సాయంత్రం నివేదిక తీయమని అడగండి. నచ్చి తీసుకుంటే రోజూ కదిలే సరుకులతో మొదలుపెట్టి, వారానికో అర చొప్పున లెక్కపెట్టి పట్టికలో కలుపుతూ పోండి. దసరా, సంక్రాంతి ముందు మాత్రం మార్పు పెట్టుకోవద్దు.

ఆఖరి ప్రశ్న ఒప్పందం రాసేటప్పుడు అడగాలి: రేపు నేను మీ సాఫ్ట్‌వేర్ వదిలేస్తే నా లెక్కలు ఏ రూపంలో ఇస్తారు? జీఎస్టీ చట్టం ప్రకారం రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. థర్మల్ కాగితం మీది అక్షరాలు ఎండకు, వేడికి అంతకన్నా చాలా ముందే మాసిపోతాయి, కాబట్టి దాచాల్సింది కంప్యూటర్ లెక్కే. చందా ఆపిన మర్నాడు తెర మూసుకుపోతే ఆ ఆరేళ్ల లెక్క మీ చేతిలో ఉండదు. సరుకుల పట్టిక, అమ్మకాలు, కొనుగోళ్లు, అరువు బాకీలు నాలుగూ ఎక్సెల్ ఫైళ్లుగా తీసుకునే వీలుందని చూపించాకే డబ్బు కట్టండి, ఆ తర్వాత ప్రతి నెలాఖరునా ఒక నకలు మీరే తీసి పెట్టుకోండి.